ఒక్క సెమిస్టర్ కూడా అవ్వకముందే లోను భయం పట్టుకుంది: కాలేజీ మారాలా, ఇక్కడే పూర్తి చేయాలా?

వానచినుకు | 14 అక్టోబరు 2025

అందరికీ నమస్తే. ఆగస్టులో బోస్టన్ దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఎంఎస్ డేటా సైన్స్‌లో చేరాను. మాది నరసరావుపేట. నాన్న గవర్నమెంటు స్కూల్లో టీచరు, ఇంకో నాలుగేళ్ళలో రిటైరవుతారు. ఇల్లు తాకట్టు పెట్టి ఒక ప్రభుత్వ బ్యాంకులో 60 లక్షల లోను తీసుకున్నాం. వడ్డీ 11 శాతం. అందులో 18 లక్షలు ఇప్పటికే వాడేశాం.

మొత్తం 32 క్రెడిట్లు, క్రెడిట్‌కి 1,750 డాలర్లు. సెమిస్టర్‌కి 8 క్రెడిట్లు తీసుకుంటున్నా కాబట్టి 2027 మేలో అయిపోతుంది. రూమ్ రెంటు, తిండి, ట్రైన్ పాస్ అన్నీ కలిపి నెలకి 1,300 డాలర్లు అవుతోంది. పార్ట్‌టైమ్ చేసి ఖర్చులు లాగేయొచ్చని హైదరాబాద్‌లో కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పారు. ఇక్కడ ఆన్ క్యాంపస్ ఉద్యోగం ఒక్కటి పడితే వంద మంది అప్లై చేస్తున్నారు. నాకు ఇంకా ఏమీ దొరకలేదు. ఇలాగే సాగితే 60 లక్షలు కూడా చాలవు.

బీటెక్ ఫ్రెండ్ టెక్సస్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో చదువుతోంది. అక్కడ ఫీజులన్నీ కలిపి క్రెడిట్‌కి 850 పడుతోందట, నెల ఖర్చు 800 లోపే. జనవరికి అక్కడికి మారిపోదామా అని ఆలోచన. నాన్నతో అంటే, "బోస్టన్ అని ఊరంతా చెప్పుకున్నాం, ఇప్పుడు మారతానంటావేంటి" అన్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. మారినవాళ్ళు, మారకుండా ఉండిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

శ్రావణ్_డెంటన్ | 14 అక్టోబరు

చెల్లీ, నేను 2023లో ఒక్క సెమిస్టర్ తర్వాత మారాను. చాలామంది అనుకునేంత పెద్ద గండం కాదు. వీసా మళ్ళీ స్టాంపింగ్ అక్కర్లేదు. సెవిస్ నంబరు (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు నంబరు) అదే ఉంటుంది, 350 డాలర్ల సెవిస్ ఫీజు రెండోసారి కట్టక్కర్లేదు. కొత్త కాలేజీ అడ్మిషన్ లెటర్ వచ్చాక మీ ప్రస్తుత కాలేజీ డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) కలిసి రిలీజ్ డేట్ పెట్టించుకోవాలి. ఆ తేదీ దాటాక మీ రికార్డు కొత్త కాలేజీ చేతికి వెళ్తుంది, వాళ్ళు కొత్త ఐ-20 (విదేశీ విద్యార్థికి కాలేజీ ఇచ్చే అర్హత పత్రం) ఇస్తారు. అక్కడ క్లాసులు మొదలయ్యే తేదీ నుంచి 15 రోజుల్లో రిపోర్ట్ చేయాలి. అంతే.

అసలు కష్టం క్రెడిట్ల దగ్గర. ఎంఎస్‌లో చాలా యూనివర్సిటీలు బయటి క్రెడిట్లు 6 లేదా 9 కంటే ఎక్కువ తీసుకోవు, అవి కూడా బి లేదా అంతకంటే మంచి గ్రేడ్ ఉంటేనే. నాకు రెండు సబ్జెక్టుల్లో ఒకటే తీసుకున్నారు. రెండోదాని సిలబస్ కలవలేదన్నారు.

గోదారి_గట్టు | 14 అక్టోబరు

నేనైతే మారొద్దనే చెప్తాను. బోస్టన్‌లో కంపెనీలు కాలేజీ గుమ్మం దాకా వస్తాయి. మా బ్యాచ్‌లో సగం మందికి ఇంటర్న్‌షిప్‌లు అలాగే వచ్చాయి. ఊరి చివర టెక్సస్ కాలేజీలో కెరీర్ ఫెయిర్ అంటే నాలుగు టేబుళ్ళు, అందులో రెండు ఇన్సూరెన్స్ కంపెనీలవి. 20 లక్షలు మిగిలాయని సంబరపడి ఉద్యోగం ఆర్నెల్లు ఆలస్యమైతే ఏం మిగిలినట్టు?

శ్రావణ్_డెంటన్ | 14 అక్టోబరు

బాసూ, నాలుగు టేబుళ్ళ మాట మీరు ఏ కాలేజీ చూసి అన్నారో గానీ డల్లాస్ చుట్టుపక్కల అలా ఉండదు. మీ బ్యాచ్ ఏ సంవత్సరం? 2021లో ఇంటర్న్‌షిప్‌లు వచ్చిన పద్ధతి వేరు, ఇప్పుడు వేరు.

గోదారి_గట్టు | 14 అక్టోబరు

2021 ఫాల్, అంటే ఆగస్టులో చేరిన బ్యాచ్. సరే, మార్కెట్ బాగున్న రోజులే, ఒప్పుకుంటా. అయినా కాలేజీ పేరుకి విలువ లేదంటే మాత్రం ఒప్పుకోను.

లెక్కల_మాస్టారు | 15 అక్టోబరు

పేరు, పరువు పక్కన పెట్టి ముందు అంకెలు చూద్దాం. ఇప్పటికే కట్టింది ఎలాగూ పోయింది, దాన్ని లెక్కలోకి తేవద్దు. డిసెంబరు తర్వాత ఇంకా ఎంత కట్టాలి, ఎన్ని నెలలు ఉండాలి అన్నవే చూడాలి. క్రెడిట్‌కి 1,750 ఒకచోట, 850 ఇంకోచోట అని పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరైనా మోసపోతారు.

అక్కడే ఉంటే: డిసెంబరుకి 8 క్రెడిట్లు అవుతాయి, 24 మిగులుతాయి. 24 × 1,750 = 42,000 డాలర్లు. జనవరి నుంచి 2027 మే దాకా 17 నెలలు, నెలకి 1,300 చొప్పున 22,100. మొత్తం 64,100.

మారితే: టెక్సస్ కోర్సు 33 క్రెడిట్లు అనుకుందాం. ఇక్కడి రెండు 4 క్రెడిట్ల సబ్జెక్టుల్ని అక్కడ మూడేసి క్రెడిట్లుగా లెక్కగట్టి 6 తీసుకున్నారనుకుందాం. మిగిలేవి 27. సెమిస్టర్‌కి 9 చొప్పున మూడు సెమిస్టర్లు, అంటే అదే 2027 మేలో పూర్తి. 27 × 850 = 22,950. ఖర్చులు 17 × 800 = 13,600. మొత్తం 36,550.

తేడా 27,550 డాలర్లు. డాలరు 88 అనుకున్నా 24 లక్షల పైమాటే. 11 శాతం వడ్డీకి, పదేళ్ళ గడువుకి 60 లక్షల లోను ఈఎంఐ 82,600 దాకా ఉంటుంది. 36 లక్షలైతే 49,600. నెలకి 33,000 తేడా అన్నమాట, పదేళ్ళ పాటు.

రెండు సబ్జెక్టుల్లో ఒకటే తీసుకుంటే మరో 3 క్రెడిట్లు, 2,550 డాలర్లు పెరుగుతుంది. ఒక సెమిస్టర్‌లో నాలుగు సబ్జెక్టులు చదవాల్సి వస్తుంది. అయినా లెక్క తిరగబడదు.

వానచినుకు | 15 అక్టోబరు

మాస్టారూ, థాంక్స్. మీ మెసేజ్ నాన్నకి వాట్సాప్‌లో పంపాను. నెలకి 33,000 అన్న చోట ఆగిపోయారట. అమ్మ చెప్పింది.

ఐ20_అక్క | 15 అక్టోబరు

నేను ఒక స్టేట్ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ ఆఫీసులో పని చేస్తాను. ఏ ఊరో చెప్పను. ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది, దాని దగ్గరే ఏటా పిల్లలు ఇరుక్కుంటారు.

ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్ళు పాత కాలేజీ నుంచి రిలీజ్ అయిన తేదీకి, కొత్త కాలేజీలో క్లాసులకి మధ్య అయిదు నెలల కంటే ఎక్కువ ఖాళీ ఉండకూడదు. డిసెంబరులో వదిలేసి జనవరిలో సీటు అందకపోతే "సరే, ఆగస్టులో చేరతా" అనడానికి లేదు. అది ఎనిమిది నెలల ఖాళీ. అప్పుడు జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్ అదే ఖరీదైన కాలేజీలో చదవక తప్పదు, ఇంకో 14,000 డాలర్లు కట్టి. ఆ తర్వాత మారినా పెద్ద లాభం ఉండదు.

కాబట్టి ఇవాళే స్ప్రింగ్ గడువులు చూసుకో అమ్మా. అమెరికాలో ఉండి ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్ళకి చాలా కాలేజీల్లో గడువు కాస్త ఎక్కువ ఉంటుంది, బయటి దేశం నుంచి వచ్చేవాళ్ళ తేదీ చూసి అయిపోయిందనుకోకు. బీటెక్ ట్రాన్స్‌క్రిప్ట్స్ మళ్ళీ పంపాలి. ఇప్పుడు చదువుతున్న సెమిస్టర్ ట్రాన్స్‌క్రిప్ట్ డిసెంబరు చివర్లో గానీ రాదు, అడ్మిషన్ షరతు మీద ఇస్తారు.

ఇంకొకటి. ఈ సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్టు కూడా డ్రాప్ చేయొద్దు. "ఎలాగూ వెళ్ళిపోతున్నాం కదా" అని మానేస్తే ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్టేటస్ పోతుంది. స్టేటస్ లేనివాళ్ళ ట్రాన్స్‌ఫర్ వేరే కథ.

కాఫీ_కరీంనగర్ | 16 అక్టోబరు

అక్కా, మాస్టారూ, నాది కూడా చూడండి. నేను జనవరి 2025లో చేరాను, న్యూజెర్సీ వైపు ప్రైవేటు కాలేజీ. 30 క్రెడిట్లు, క్రెడిట్‌కి 1,500. డిసెంబరుకి 18 అవుతాయి. ఖర్చు నెలకి 1,200. ఈ దారం (థ్రెడ్) చదివాక నాకూ టెక్సస్ పోవాలనిపిస్తోంది. సగం ఫీజే కదా.

లెక్కల_మాస్టారు | 16 అక్టోబరు

తమ్ముడూ, నీ లెక్క పూర్తిగా వేరు.

ఉంటే 12 క్రెడిట్లు మిగిలాయి. స్ప్రింగ్‌లో 9, సమ్మర్‌లో 3 తీసుకుంటే ఆగస్టు 2026కి చేతికి డిగ్రీ. 12 × 1,500 = 18,000. ఎనిమిది నెలల ఖర్చు 9,600. మొత్తం 27,600.

మారితే 18లో 9 మాత్రమే తీసుకుంటారు, అది కూడా అదృష్టం బాగుంటే. మిగతా 9 నీళ్ళలో పోసినట్టే. 33లో 24 మిగులుతాయి. 24 × 850 = 20,400. రెండు సెమిస్టర్లలో అవవు, 2027 మే దాకా ఉండాలి, 17 నెలలు 13,600. మొత్తం 34,000.

సగం ఫీజు కాలేజీకి వెళ్ళి 6,400 డాలర్లు ఎక్కువ కడతావు. జీతం తొమ్మిది నెలలు వెనక్కి పోతుంది. ఆ తొమ్మిది నెలలూ లోను మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. నువ్వు కదలకు.

కాఫీ_కరీంనగర్ | 16 అక్టోబరు

అబ్బా. నిన్న రాత్రి రెండింటి దాకా డెంటన్‌లో రూములు వెతికాను మాస్టారూ.

ఐ20_అక్క | 16 అక్టోబరు

సమ్మర్‌లో 3 క్రెడిట్లతో ముగిస్తే అది ఆఖరి టర్మ్ కాబట్టి తక్కువ క్రెడిట్లు చదవడానికి డీఎస్‌ఓ అనుమతి ముందే రాయించుకో. క్లాసు మొత్తం ఆన్‌లైన్ అయితే కుదరదు. సమ్మర్‌లో ఆ సబ్జెక్టు అసలు చెప్తారా లేదా అన్నది డిపార్ట్‌మెంట్‌ని ఇప్పుడే అడుగు. ఓపీటీకి (చదువయ్యాక కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచే అప్లై చేయొచ్చు.

ఒక_తండ్రి_అనంతపురం | 17 అక్టోబరు

మా అబ్బాయి కూడా అక్కడే చదువుతున్నాడు. ఇవన్నీ సరేనండీ, చదువయ్యాక హెచ్-1బీ ఉద్యోగ వీసాకి లక్ష డాలర్లు కట్టాలంటున్నారు కదా. ఆ లెక్కన ఏ కాలేజీ అయితే ఏముంది? అసలు వెనక్కి పిలిచేద్దామా అని మా ఆవిడ ఒకటే గొడవ.

గోదారి_గట్టు | 17 అక్టోబరు

అంకుల్, నేనైతే పిలిపించను. ఆ ఉత్తర్వు సెప్టెంబరులో వచ్చింది, వివరాలు ఇంకా తేలాలి.

శ్రావణ్_డెంటన్ | 21 అక్టోబరు

అంకుల్, నిన్న అమెరికా వలస వ్యవహారాల విభాగం యూఎస్‌సీఐఎస్ స్పష్టత ఇచ్చింది. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి స్టేటస్ మారేవాళ్ళకి ఆ లక్ష డాలర్లు వర్తించవు. బయటి దేశంలో ఉన్నవాళ్ళ కోసం కొత్తగా వేసే పిటిషన్లకే. ఆంటీకి చెప్పండి.

నిర్వాహకుడు | 21 అక్టోబరు

హెచ్-1బీకి వేరే దారం ఉంది, ఆ చర్చ అక్కడ చేయండి. అలాగే "స్ప్రింగ్ ట్రాన్స్‌ఫర్, గ్యారంటీ అడ్మిషన్, మొదటి రోజు నుంచే సీపీటీ (చదువుతూనే బయట పని చేసే అనుమతి), కాల్ చేయండి" అని ఫోన్ నంబరు పెట్టిన ఇద్దర్ని తీసేశాను. మూడోవాడు కూడా వస్తాడు, నాకు తెలుసు.

ఐ20_అక్క | 21 అక్టోబరు

ఆ ప్రకటన తీసేసి మంచి పని చేశారు. మొదటి రోజు నుంచే సీపీటీ అనే కాలేజీకి లోను తగ్గించుకోవడం కోసం ఎవరూ వెళ్ళొద్దు. ఫీజు తక్కువే కావచ్చు. రేపు హెచ్-1బీ దగ్గరో, గ్రీన్ కార్డు దగ్గరో "అప్పుడు నిజంగా చదివారా, పని చేశారా" అని తవ్వుతారు, దానికి జవాబు చెప్పుకోలేరు.

ఇంకో విషయం కూడా గమనించండి. 2025 ఆగస్టులో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ (డీహెచ్ఎస్) ఒక ప్రతిపాదన పెట్టింది. మొదటి విద్యా సంవత్సరం అయ్యేదాకా కాలేజీ మారకూడదు, పీజీ చదివేవాళ్ళు మధ్యలో కోర్సు మారకూడదు అన్నవి అందులో ఉన్నాయి. ప్రతిపాదన వేరు, అమల్లో ఉన్న నియమం వేరు. ఈ జనవరికి మారేవాళ్ళు పాత నియమాల కిందే వెళ్తున్నారు. కానీ తర్వాత ఎప్పుడైనా ఈ దారం చదివేవాళ్ళు మీ డీఎస్‌ఓని అడగకుండా అడుగు వేయొద్దు.

పాత_బ్యాంకరు | 22 అక్టోబరు

ముప్పై ఏళ్ళు ఒక ప్రభుత్వ బ్యాంకులో చేసి విజయవాడలో రిటైరయ్యాను. అందరూ అమెరికా వైపే చూస్తున్నారు, లోను ఇచ్చిన బ్రాంచి సంగతి ఎవరూ మాట్లాడట్లేదు.

శాంక్షన్ లెటర్‌లో కాలేజీ పేరు, కోర్సు పేరు, మొత్తం ఖర్చు రాసి ఉంటాయి. కాలేజీ మారితే ఆ శాంక్షన్‌ని సవరించాలి. కొత్త అడ్మిషన్ లెటర్, కొత్త ఐ-20, కొత్త ఫీజు వివరం ఇచ్చి, ఎందుకు మారుతున్నారో ఒక ఉత్తరం రాసి, సహ రుణగ్రహీతగా మీ నాన్నగారు సంతకాలు చేయాలి. ఖర్చు తగ్గుతోంది కాబట్టి బ్యాంకు కాదనే కారణం మామూలుగా ఉండదు. కానీ ఫైలు పై ఆఫీసుకి వెళ్ళి రావాలి, వారాలు పడుతుంది. కొన్ని ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీల్లో పరిస్థితి వేరు. వాళ్ళు కాలేజీ పేరు చూసి వడ్డీ నిర్ణయిస్తారు, కొత్త కాలేజీ వాళ్ళ జాబితాలో లేకపోతే చిక్కే.

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. జనవరి ఫీజు పాత కాలేజీకి పంపొద్దని బ్రాంచికి ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పండి, ఈమెయిల్ కూడా పెట్టండి. ఒకసారి డబ్బు అటు వెళ్తే తిరిగి బ్యాంకుకి వచ్చేసరికి నెలలు పడుతుంది. ఈలోగా కొత్త కాలేజీ ఫీజు గడువు దాటిపోతుంది.

ఇంకొకటి. చదువుకునే కాలంలో వడ్డీ మీద వడ్డీ లేని బారువడ్డీయే పడుతుంది గానీ, వాయిదాలు కట్టక్కర్లేని గడువు కాలం ముగిశాక అదంతా అసలులో కలుస్తుంది. 18 లక్షల మీద 11 శాతం అంటే నెలకి 16,500. మీ నాన్నగారు ఇప్పటినుంచి అందులో కొంతైనా కట్టగలిగితే చాలా మేలు. చదువుకునే కాలంలో వడ్డీ కట్టేవాళ్ళకి చాలా ప్రభుత్వ బ్యాంకులు 1 శాతం రాయితీ ఇస్తాయి. అడిగితేనే చెప్తారు. ఆయన పాత పన్ను విధానంలో ఉంటే ఆ వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా ఉంటుంది.

వానచినుకు | 22 అక్టోబరు

బ్యాంకరు గారూ, వడ్డీ రాయితీ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. నాన్న రేపు బ్రాంచికి వెళ్తున్నారు.

రెండు కాలేజీలకి అప్లై చేశాను. ఒకదానికి నవంబరు 15 దాకా గడువుంది, ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకి.

ఇంకో సందేహం. వచ్చే సమ్మర్‌లో ఇంటర్న్‌షిప్ చేయాలని ఆశ. మారితే ఆ అవకాశం పోతుందా?

శ్రావణ్_డెంటన్ | 22 అక్టోబరు

పోవచ్చు. నాకు పోయింది. సీపీటీకి ఒక విద్యా సంవత్సరం చదివి ఉండాలన్నది నియమం. రెండు కాలేజీల్లో చదివినది కలిపి లెక్కపెట్టే చోట్లు ఉన్నాయి, "మా దగ్గరే రెండు సెమిస్టర్లు అవ్వాలి" అని సొంత నియమం పెట్టుకున్నవీ ఉన్నాయి. అడ్మిషన్ వచ్చాక మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. ఆ సమ్మర్ నేను లైబ్రరీలో పని చేశాను, గంటకి 11 డాలర్లు. డిగ్రీ అయ్యాక నాలుగు నెలలకి ఓపీటీ మీద ఉద్యోగం దొరికింది. ఇంటర్న్‌షిప్ ఉంటే ఇంకా ముందే దొరికేదేమో, చెప్పలేను.

గోదారి_గట్టు | 23 అక్టోబరు

ఇదే నేను మొదటి నుంచీ అంటున్నది. 24 లక్షల లెక్కలో ఆ సమ్మర్ విలువ కూడా వేయండి. ఇంటర్న్‌షిప్‌లో మూడు నెలలకి 15,000 డాలర్లు సంపాదించేవాళ్ళున్నారు.

లెక్కల_మాస్టారు | 23 అక్టోబరు

వేశాను. 15,000 వస్తుందని ఖాయమైతే 27,550లోంచి తీసేయండి, ఇంకా 12,550 మిగులుతోంది. ఆఫర్ చేతిలో ఉన్నవాళ్ళయితే ఆలోచించాల్సిందే. ఈ అమ్మాయికి ఇంకా లేదు. ఆశని డాలర్లలోకి మార్చి లోనుకి ఎదురుగా పెడితే లెక్క ఎటు కావాలంటే అటు తిరుగుతుంది.

మీరన్న కాలేజీ పేరు మాట మాత్రం కొట్టిపారేయను. మంచి గైడ్ దొరికి రీసెర్చ్ చేస్తున్నవాళ్ళో, పీహెచ్‌డీకి వెళ్ళాలనుకునేవాళ్ళో అయితే నేనూ ఉండమనే చెప్తాను. మామూలు కోర్స్‌వర్క్ ఎంఎస్‌కి, తాకట్టులో ఇల్లు ఉన్నప్పుడు, అంత ధర పెట్టలేం.

బ్యూమాంట్_బుజ్జి | 24 అక్టోబరు

టెక్సస్ వచ్చేవాళ్ళు ఇది తెలుసుకోండి. ఇక్కడి పబ్లిక్ యూనివర్సిటీల్లో పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 1,000 డాలర్లు వస్తే, బయటి విద్యార్థి ఫీజు కాకుండా టెక్సస్ వాళ్ళ ఫీజు వేసే వీలు రాష్ట్ర చట్టంలోనే ఉంది. అంటే చేతికి వచ్చేది వెయ్యే, మిగిలేది వేలల్లో. అందరికీ ఇవ్వరు, కాలేజీకి ఒక పరిమితి ఉంటుంది. టీఏ (బోధనలో సాయం), ఆర్ఏగా (పరిశోధనలో సాయం) వారానికి 20 గంటల పని దొరికినవాళ్ళకి కూడా లోకల్ ఫీజే పడుతుంది. నాకు రెండో సెమిస్టర్ నుంచి వచ్చింది. జీపీఏ చూసే ఇచ్చారు. అందుకే ఈ సెమిస్టర్ మార్కులు పాడు చేసుకోకు చెల్లీ.

అయితే స్కాలర్‌షిప్ వస్తుందని నమ్ముకుని రావద్దు. మాస్టారి లెక్కలో అది లేకుండానే లాభం కనబడుతోంది కాబట్టి సరిపోయింది. వస్తేనే గిట్టుబాటయ్యే లెక్క అయితే నేను వద్దనే అంటా. ఇంకో మాట, ఇక్కడ కారు లేకపోతే కూరగాయలు కూడా తెచ్చుకోలేం. నెలకి 800లో అది లేదు.

లెక్కల_మాస్టారు | 24 అక్టోబరు

మంచి మాట. పాత కారు, ఇన్సూరెన్స్, పెట్రోలు కలిపి 17 నెలలకి 6,000 తీసేయండి. 21,550. ఇంకా 19 లక్షల దగ్గరే ఉంది.

వానచినుకు | 19 నవంబరు 2025

కబురు. ఒక కాలేజీ రాలేదు, ఒకటి వచ్చింది. షరతు మీద అడ్మిషన్.

ఇక్కడి రెండు సబ్జెక్టుల సిలబస్‌లు, అసైన్‌మెంట్ల జాబితా, టెక్స్ట్ పుస్తకాల పేర్లు జతచేసి అక్కడి గ్రాడ్యుయేట్ అడ్వైజర్‌కి మెయిల్ పెట్టాను. వారం జవాబు లేదు, ఫోన్ చేస్తే మాట్లాడారు. మెషీన్ లెర్నింగ్ సబ్జెక్టు తీసుకుంటామన్నారు. రెండోది ఎలెక్టివ్ కింద తీసుకోవచ్చు గానీ గ్రేడ్ చూశాక చెప్తామన్నారు. ఆ మాట మెయిల్‌లో రాయించుకున్నాను. సీపీటీకి మాత్రం వాళ్ళ దగ్గర రెండు సెమిస్టర్లు పూర్తవ్వాలట. కాబట్టి సమ్మర్ ఇంటర్న్‌షిప్ లేదు.

నాన్న బ్రాంచికి మూడుసార్లు తిరిగారు. మేనేజరు మొదట "మధ్యలో కాలేజీ మారితే లోను రద్దవుతుంది" అన్నారట. బ్యాంకరు గారి మెసేజ్ ప్రింటు తీసుకుని వెళ్ళి చూపించారు. అప్పుడు ఫైలు తీసుకున్నారు.

పాత_బ్యాంకరు | 19 నవంబరు

ఫైలు తీసుకున్నట్టు రసీదు, లేదా దరఖాస్తు కాపీ మీద తేదీతో బ్రాంచి ముద్ర తీసుకోమనండి. ముద్ర లేని దరఖాస్తు బ్యాంకులో లేనట్టే లెక్క.

ఒక_తండ్రి_అనంతపురం | 20 నవంబరు

అమ్మా, మీ నాన్నగారు ఊళ్ళోవాళ్ళకి ఏం చెప్పారు? నవ్వుకోకండి, మాకూ ఆ ప్రశ్న ఉంది.

వానచినుకు | 20 నవంబరు

"అక్కడ చలి ఎక్కువ, పిల్ల ఆరోగ్యానికి పడట్లేదు, టెక్సస్ మారుతోంది" అని చెప్తున్నారు అంకుల్. డల్లాస్ దగ్గర అనగానే చాలామంది "ఓ, మా వాళ్ళు కూడా అక్కడే" అన్నారట. బోస్టన్ కంటే డల్లాసే మా ఊళ్ళో ఎక్కువమందికి తెలుసు.

ఐ20_అక్క | 1 డిసెంబరు 2025

సెమిస్టర్ ముగింపుకి వచ్చారు కాబట్టి చెప్తున్నా. రిలీజ్ డేట్‌ని పరీక్షలు అయ్యాక, గ్రేడ్లు వచ్చే రోజుల్లో పెట్టించుకో. ఆ తేదీ దాకా మనసు మారితే రద్దు చేసుకోవచ్చు, దాటాక పాత కాలేజీ ఏమీ చేయలేదు. ఆన్ క్యాంపస్ ఉద్యోగం ఉన్నవాళ్ళు ఆ తేదీకల్లా మానేయాలి. కొత్త ఐ-20 చేతికి వచ్చేదాకా దేశం దాటొద్దు, క్రిస్మస్ సెలవులకి ఇంటికి వెళ్దామనుకునేవాళ్ళు ముఖ్యంగా. రూము లీజు మధ్యలో వదిలితే మీ బదులు ఎవరినైనా పెట్టాలి, అది ఇప్పటి నుంచే వెతుక్కో.

కాఫీ_కరీంనగర్ | 4 డిసెంబరు

డాలరు 90 దాటింది చూశారా? మాస్టారూ, మీ లెక్కలన్నీ మళ్ళీ వేయాలి.

లెక్కల_మాస్టారు | 4 డిసెంబరు

రూపాయి పడేకొద్దీ, ముందు ముందు తక్కువ డాలర్లు కట్టేవాళ్ళకే మేలు. చెల్లికి లాభం ఇంకాస్త పెరిగింది, నీకు ఉండిపోవడమే ఇంకాస్త మంచిదయ్యింది. ఇంతకీ సమ్మర్ సబ్జెక్టు సంగతి కనుక్కున్నావా?

కాఫీ_కరీంనగర్ | 4 డిసెంబరు

నాకు కావాల్సింది సమ్మర్‌లో లేదట. స్ప్రింగ్‌లోనే 12 తీసుకోమన్నారు, నాలుగు సబ్జెక్టులు. మేలోనే అయిపోతుంది. చచ్చేంత చదవాలి.

లెక్కల_మాస్టారు | 4 డిసెంబరు

మూడు నెలల రెంటు మిగిలింది, 3,600. చదువు.

వానచినుకు | 9 జనవరి 2026

టెక్సస్ వచ్చేశాను. గ్రేడ్లు ఎ, బి ప్లస్. రెండోది కూడా ఎలెక్టివ్‌గా తీసుకున్నారు, 6 క్రెడిట్లు కలిశాయి. లీజుకి మాత్రం దెబ్బ తగిలింది. బదులు ఎవరూ దొరక్క రెండు నెలల రెంటు కట్టి బయటపడ్డాను.

బ్యాంకు సవరణ లెటర్ జనవరి 5న వచ్చింది. ఫీజు గడువు 12. ఈలోగా డబ్బు పడకపోతే ఏం చేయాలి? నాన్న చిట్టీ పాడి పంపిస్తానంటున్నారు.

పాత_బ్యాంకరు | 9 జనవరి

చిట్టీ వద్దు. సవరణ లెటర్ ఉంది కాబట్టి ఈరోజే ఫీజు ఇన్‌వాయిస్, కొత్త కాలేజీ బ్యాంకు వివరాలు బ్రాంచికి మెయిల్ పెట్టండి, రేపు రెండో శనివారం సెలవు కాబట్టి మీ నాన్నగారు సోమవారం పొద్దున్నే వెళ్ళి ఎదురుగా కూర్చోవాలి. లోను డబ్బు కాబట్టి టీసీఎస్ (విదేశాలకి పంపే డబ్బు మీద ముందే కోసే పన్ను) పడదు. తెలియక కోస్తారేమో, ముందే గుర్తు చేయమనండి.

బ్యూమాంట్_బుజ్జి | 9 జనవరి

కొత్త కాలేజీలో వాయిదాల ప్లాన్ ఉంటుంది, అడుగు. మొదటి వాయిదా మాత్రం 12లోపు కట్టి మిగతాది బ్యాంకు డబ్బు వచ్చాక కట్టొచ్చు. నేను ప్రతి సెమిస్టర్ అలాగే చేశాను, ప్లాన్‌కి కొద్దిగా ఫీజు తీసుకుంటారు. ఆ పక్క కౌంటర్లోనే స్కాలర్‌షిప్ గడువు ఎప్పుడో కూడా కనుక్కో.

వానచినుకు | 13 జనవరి

వాయిదా ప్లాన్‌లో చేరి మొదటి భాగం కట్టేశాను. బ్యాంకు డబ్బు ఇవాళ బయల్దేరిందని నాన్న మెసేజ్ పెట్టారు. టీసీఎస్ కోయలేదు. ఫాల్ స్కాలర్‌షిప్‌కి మార్చి 1 దాకా గడువు, రెండు రికమండేషన్ లెటర్లు కావాలట. బోస్టన్ ప్రొఫెసర్‌ని అడగొచ్చా? మధ్యలో వదిలేసి వచ్చాను కదా, ఇస్తారా?

శ్రావణ్_డెంటన్ | 13 జనవరి

ఎ ఇచ్చినావిడేగా? అడుగు. నాకు పాత ప్రొఫెసరే ఇచ్చారు. కారణం ఫీజు అని ఉన్నది ఉన్నట్టు రాయి, వాళ్ళకి ఇది కొత్తేం కాదు.